ప్యూజెట్ సౌండ్‌లో చలికాలపు సాల్మన్: ట్రోలింగ్ చేసే పద్ధతి

సియాటెల్ ప్రాంతంలో, ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ దగ్గర ఉంటూ వేసవిలో సాల్మన్ వేటకు అలవాటుపడినవారు చలికాలంలోనూ అదే పద్ధతి పాటిస్తే ఖాళీ చేతులతో తిరిగి రావలసి వస్తుంది. వేసవిలో దొరికేవి గుడ్లు పెట్టడానికి నదుల వైపు సాగే పెద్ద చేపలు. చలికాలంలో దొరికేవి ఇంకా ఈడుకు రాని చినూక్ సాల్మన్లు. చిగుళ్లు నల్లగా ఉంటాయి కనుక స్థానికులు వీటిని బ్లాక్‌మౌత్ అంటారు. గోదావరికి ఎదురీదే వేళ చూసి పులస కోసం కాచుకునే మనకు ఇది తలకిందుల లెక్కగా తోచవచ్చు, ఎందుకంటే ఈ చేపకు అప్పటికి నదితో పనే లేదు, దాని ధ్యాసంతా తిండి మీదే. అందుచేత చేపను వెతకడం కన్నా ముందు అది తినే హెర్రింగ్ అనే చిన్న చేపను, శాండ్ లాన్స్ అనే సన్నటి చేపను వెతకాలి. శాండ్ లాన్స్ ఇసుక నేలలో దూరి దాక్కుంటుంది కాబట్టి బ్లాక్‌మౌత్ కూడా ఆ నేలనే అంటిపెట్టుకుని తిరుగుతుంది. విడ్బీ దీవికి దక్షిణాన ఉన్న పొసెషన్ బార్, పోర్ట్ టౌన్‌సెండ్ దగ్గరి మిడ్‌ఛానెల్ బ్యాంక్, కింగ్‌స్టన్‌కు దిగువన ఉన్న జెఫర్సన్ హెడ్ వంటి చోట్లకు పేరు రావడానికి కారణం ఇదే.

బయలుదేరే ముందు వాషింగ్టన్ రాష్ట్ర మత్స్య, వన్యప్రాణి శాఖ నిబంధనలను ఆ రోజు ఉదయమే మరొకసారి చూసుకోవాలి, ఎందుకంటే ఏ ప్రాంతం ఎప్పుడు తెరిచి ఉంటుందో ఏటా మారుతుంది, అనుమతించిన పరిమితి నిండితే సీజన్ మధ్యలోనే మూసేయడమూ ఉంది. చలికాలంలో నీటి ఉష్ణోగ్రత దాదాపు 8 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. పడినవారికి ఈత వచ్చినా నిమిషాల్లోనే కాళ్లూ చేతులూ స్వాధీనం తప్పుతాయి. కాబట్టి లైఫ్ జాకెట్‌ను సీటు కింద దాచకుండా ఒంటి మీదే ఉంచుకోవాలి.

ట్రోలింగ్‌కు, అంటే కదిలే బోటు వెనుక గాలాలను ఈడ్చుతూ వేటాడడానికి, సామగ్రి విషయంలో పెద్దగా తలపోటు లేదు. 12 నుంచి 15 పౌండ్ల సీసపు గుండును తీగతో లోతుకు దించే డౌన్‌రిగ్గర్, బాగా వంగే పొడవాటి రాడ్, నీటిలో తిరుగుతూ మెరిసి చేపను ఆకర్షించే 11 అంగుళాల ఫ్లాషర్, దాని వెనుక లీడర్ అనే మూడున్నర నాలుగు అడుగుల దారపు ముక్క, చివర మూడు అంగుళాలకు అటూ ఇటూ ఉండే సన్నటి స్పూన్ (గాలం ఉన్న లోహపు ఎర) ఉంటే చాలు. ఆకుపచ్చ, తెలుపు రంగులు, చీకట్లో మెరిసే పూత ఉన్నవి లోతు నీటికి నప్పుతాయి. రంగు గురించి గంటల తరబడి వాదించుకునేవారు ఉంటారు గానీ, నా దృష్టిలో రంగు కన్నా లోతుకే ఎక్కువ విలువ.

ఫ్లాషర్‌ను ముందుగా బోటు పక్కనే నీటిలో వదిలి, అది ఊరికే అటూ ఇటూ ఊగకుండా పూర్తిగా గుండ్రంగా తిరుగుతోందో లేదో చూడాలి. తిరుగుతుంటే 15, 20 అడుగుల దారం వెనక్కి వదిలి, దారాన్ని గుండు దగ్గర ఉండే, చేప లాగితే ఊడే క్లిప్పుకు తగిలించి, గుండును నెమ్మదిగా కిందికి దించాలి. చాలా చోట్ల 90 నుంచి 180 అడుగుల లోతులో నేల తగులుతుంది. గుండు నేలను తాకిన క్షణాన వంగి ఉన్న డౌన్‌రిగ్గర్ చేయి పైకి లేస్తుంది, తీగ వదులవుతుంది. అప్పుడు గుండును మూడు నుంచి ఐదు అడుగులు పైకెత్తి ఆపాలి. అసలు శ్రమ ఇక్కడే మొదలవుతుంది. నేల ఎక్కడా సమంగా ఉండదు కనుక లోతు చూపే సోనార్ తెరను చూస్తూ, కొన్ని నిమిషాలకోసారి గుండును నేలకు తాకించి మళ్లీ ఎత్తుతూ ఉండాలి. డౌన్‌రిగ్గర్ మీది అంకెను ఉన్నదున్నట్టు నమ్మకూడదు, ఎందుకంటే బోటు కదులుతున్నప్పుడు తీగ వెనక్కి వాలుతుంది. అది 45 డిగ్రీలు వాలితే 140 అడుగుల తీగ వదిలినా గుండు ఉండేది దాదాపు 100 అడుగుల లోతులోనే. నేల దగ్గర తిప్పుతున్నామనుకుంటూ రోజంతా నడినీళ్లలో తిప్పేవారు ఇక్కడే దెబ్బతింటారు.

బోటును ప్రవాహం వెంట నడపడం మేలు. వేగం రెండు మూడు నాట్ల మధ్య ఉండాలి, అయితే జీపీఎస్ చూపేది నేల మీది వేగమే గానీ నీటితో పోల్చిన వేగం కాదు కాబట్టి ఆటుపోట్ల ఉధృతి ఎక్కువగా ఉన్నప్పుడు తీగ వాలును, రాడ్ కొస క్రమంగా కొట్టుకునే తీరును బట్టి వేగాన్ని సరిచేసుకోవాలి. పోటు ఆటుగా, ఆటు పోటుగా మారే వేళకు ముందూ వెనుకా ఉండే గంట అన్నిటికన్నా విలువైనది. భోజనాలు ఆ సమయంలో పెట్టుకోవద్దు. చిన్న చేప తగిలినా ఒక్కోసారి క్లిప్పు ఊడదు, అది అలాగే వెనకాల ఈడ్చుకుపోతూ ఉంటుంది. అందుకని పావుగంటకోసారి గాలాలు పైకి తీసి చూడాలి.

చేప గట్టిగా తగిలితే క్లిప్పు ఊడి రాడ్ కొస ఒక్కసారిగా నిటారవుతుంది. వెంటనే దారం బిగిసేవరకు వేగంగా చుట్టాలి, ఎందుకంటే నిబంధనల ప్రకారం గాలం కొన దగ్గర చేపను జారనివ్వని వెనుదిరిగిన ముల్లు ఉండకూడదు, దారం సడలితే చేప జారిపోతుంది. చేప బోటు పక్కకు రాగానే దాని వీపు మీద, తోకకు దగ్గరగా ఉండే చిన్న కొవ్వు రెక్కను చూడాలి. ఆ రెక్క కత్తిరించి, మానిన మచ్చ కనిపిస్తే అది హేచరీలో, అంటే చేపపిల్లల ఉత్పత్తి కేంద్రంలో, పెంచిన చేప. సాధారణంగా ఉంచుకోదగిన కనీస పొడవు 22 అంగుళాలు. రెక్క ఉంటే అది సహజంగా పుట్టినది, దాన్ని బోటులోకి ఎత్తడమే నిషిద్ధం. ప్యూజెట్ సౌండ్ చినూక్‌ను అంతరించే ముప్పున్న జాతుల చట్టం కింద 1999లో చేర్చారు. వల జోలికి పోకుండా, నీటిలో ఉండగానే గాలాన్ని పట్టకారుతో తిప్పి విడిపించాలి.

ఉంచుకునే చేపను వెంటనే చంపి, మొప్పలు కోసి రక్తం పోనిచ్చి, మంచులో పెట్టి, ఆ వెంటనే పట్టిన చేపల లెక్క రాసే క్యాచ్ కార్డులో నమోదు చేయాలి. అంతకన్నా ముందు, చేప తగిలిన చోటును జీపీఎస్‌లో గుర్తు పెట్టుకోవాలి. మేత ఉన్న చోట బ్లాక్‌మౌత్ ఒంటరిగా ఉండడం అరుదు కనుక, బోటును ప్రవాహానికి ఎగువకు తీసుకెళ్లి, అదే లోతులో, అదే దారిన మరోసారి గాలాలను నడిపించాలి.