జవాబు రాని మనవిని ప్రార్థనలో కొనసాగించే విధానం

లూకా సువార్త 18వ అధ్యాయంలోని విధవరాలి ఉపమానాన్ని చాలామంది తలకిందులుగా అర్థం చేసుకుంటారు. ఆమె మాటిమాటికీ వచ్చి విసిగించినందుకే న్యాయాధిపతి న్యాయం తీర్చాడు కనుక, దేవుణ్ణి కూడా అలాగే విసిగించాలని అనుకుంటారు. యేసు ఆ న్యాయాధిపతిని దేవునికి పోలికగా చూపలేదు; అన్యాయస్థుడే వినగా, తాను ఏర్పరచుకొన్నవారి మొర దేవుడు ఆలకించడా అని అడిగాడు. మనసులేనివాణ్ణి ఒప్పిస్తున్నామన్న భావన పోనంతకాలం పట్టుదల భారంగానే ఉంటుంది కనుక, ముందుగా ఆ భావనను విడిచిపెట్టాలి.

తరువాత మీ మనవిని ఒకే వాక్యంలో వ్రాసుకొని, తేదీ వేయండి. దీవించమని అడగడం తప్పు కాదు గాని, ఎవరి కోసం ఏమి అడుగుతున్నారో స్పష్టంగా లేకపోతే జవాబు వచ్చినా గుర్తుపట్టలేరు. బైబిలులో పిల్లలు లేని హన్నా, షిలోహులోని దేవుని మందిరంలో తనకొక మగపిల్లవాణ్ణి దయచేయమని విడమరచి అడిగింది. ఆ మనవిని ప్రార్థించడానికి రోజూ ఒకే వేళలో పది నిమిషాలు కేటాయించినా చాలు.

అడిగినదే మళ్లీ అడిగితే అవిశ్వాసమా అన్న సందేహం తప్పక వస్తుంది. మత్తయి 6వ అధ్యాయంలో యేసు ఖండించినది, ఎక్కువ మాటలాడితేనే దేవుడు వింటాడన్న నమ్మకాన్ని. తనను పట్టుకొన్న రాత్రి గెత్సేమనే తోటలో ఆయనే మూడవసారి కూడా అవే మాటలతో ప్రార్థించాడు.

విసుగు వచ్చిన రోజున ఆ విసుగునే ప్రార్థనగా చెప్పండి. బలవంతంగా కృతజ్ఞతలు చెప్పమనే సలహా నాకు నచ్చదు, ఎందుకంటే 13వ కీర్తన ఎన్నాళ్లు, ఎంతవరకు అన్న ప్రశ్నలతోనే మొదలై, స్తుతిని చివరి వచనాలకు ఉంచుకుంది. మాటలే రాకపోతే ఆ ఆరు వచనాలను పైకి చదివితే చాలు.

నెలకొకసారి మీరు వ్రాసుకొన్న వాక్యాన్ని తిరిగి చూసి, అది ఇంకా మీ మనవేనా అని పరిశీలించండి. తనను వేధించిన బాధను ‘శరీరంలోని ముల్లు’ అని పిలిచి, దానిని తొలగించమని ముమ్మారు వేడుకొన్న అపొస్తలుడైన పౌలు, నా కృప నీకు చాలునన్న ప్రభువు జవాబు విన్నాక మనవి మార్చుకొన్నాడు. అటువంటి జవాబు ఏదీ లేనప్పుడు మాత్రం మౌనాన్ని తిరస్కారంగా లెక్కించకండి. నాలుగవ శతాబ్దపు క్రైస్తవ తల్లి మోనికా, తరువాత గొప్ప క్రైస్తవ బోధకుడైన తన కుమారుడు అగస్టీను మారుమనస్సు కోసం ఏళ్ల తరబడి కన్నీటితో ప్రార్థించింది. అతడు ఓడెక్కి రోముకు వెళ్లకూడదనీ ప్రార్థించింది. అతడు ఆమెను మోసగించి రాత్రివేళ వెళ్లిపోయాడు, కాని ఆ ప్రయాణమే అతణ్ణి మిలాను నగరానికి, బిషప్ అంబ్రోజు బోధకు చేర్చగా, 387లో అక్కడే బాప్తిస్మం పొందాడు. అందువల్ల మీ పుస్తకంలో అసలు మనవిని ఒక పక్క, అది ఏ దారిలో నెరవేరాలని కోరుతున్నారో మరో పక్క వ్రాసుకోండి. రెండవ పక్కన ఎన్ని కొట్టివేతలు పడినా మొదటి పక్కనున్న వాక్యంతో మరునాటి ప్రార్థన మొదలుపెట్టవచ్చు.