జిల్లాల ప్రశ్నలను ఏఐ ఏజెంట్‌తో సవరించడం: మూడిల్ క్విజ్‌లు నడిపే అధ్యాపకులకు

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాల సంఖ్య 13 నుంచి 26కు పెరిగింది. అంతకు ముందు కర్నూలు, అనంతపురం, కడపల్లో పోటీ పరీక్షల విద్యార్థుల కోసం తయారైన ఆన్‌లైన్ క్విజ్‌లలో స్థానిక భూగోళం మీద అడిగిన ప్రశ్నల కీ (సరైన జవాబు) చాలాచోట్ల చెల్లకుండా పోయింది. వందల ప్రశ్నలను ఒక్కొక్కటిగా తెరిచి దిద్దడం కష్టమే కనుక, ఈ పనిని ఏఐ ఏజెంట్‌కు అప్పగించవచ్చు. ఏజెంట్ అంటే అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకునే చాట్ కాదు. ఫైలు తెరిచి, చదివి, మార్పులు రాసి, తానే భద్రపరచగల ప్రోగ్రాం. అందుకే దానికి ఎంతవరకు చేయి అందనివ్వాలో మొదటే నిర్ణయించుకోవాలి.

నా సలహా ఏమిటంటే, ఆన్‌లైన్ తరగతులు, క్విజ్‌లు నడిపే సాఫ్ట్‌వేర్ అయిన మూడిల్ అడ్మిన్ లాగిన్‌ను ఏజెంట్‌కు ఇవ్వకూడదు. క్వశ్చన్ బ్యాంక్‌లో సవరించవలసిన కేటగిరీని మాత్రమే ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ ఫైలు నకలును దాని ముందు పెట్టాలి. అసలు ఫైలు మీ దగ్గర కదలకుండా ఉండాలి. విద్యార్థుల పేర్లు, మార్కులు ఉన్న ఫైళ్లు ఆ ఫోల్డర్‌లో ఉండనే కూడదు. బొమ్మలు ఉన్న ప్రశ్నలకు మూడిల్ ఎక్స్‌ఎంఎల్ తీసుకోండి. అక్షరాలు మాత్రమే ఉన్నవాటికి, ప్రశ్నలను సాదా పాఠంగా రాసే గిఫ్ట్ ఫార్మాట్ మేలు, ఎందుకంటే దానిని మనిషి కూడా సులువుగా చదవగలడు. సవరించిన తర్వాత ఒక ప్రశ్న ఇలా ఉండాలి:

::బెలూం-01:: బెలూం గుహలు ప్రస్తుతం ఏ జిల్లాలో ఉన్నాయి? {
=నంద్యాల
~కర్నూలు #2022 ఏప్రిల్ 4కు ముందు కర్నూలు జిల్లాలో ఉండేవి.
~అనంతపురం
~వైఎస్సార్ కడప
}

రెండు జంట చుక్కల మధ్య ఉన్నది ప్రశ్న పేరు. సమాన చిహ్నం సరైన జవాబును, అలల గీత తప్పు జవాబును సూచిస్తాయి. హ్యాష్ తర్వాత ఉన్నది ఆ ఆప్షన్ ఎంచుకున్న విద్యార్థికి కనిపించే వివరణ. ఈ చిహ్నాలు ప్రశ్న వాక్యంలోనే రావలసి వస్తే, ఉదాహరణకు 10\:30 అని సమయం రాసేటప్పుడు, వాటి ముందు వెనుక గీత (\) పెట్టాలని ఏజెంట్‌కు చెప్పండి. ఫైలు యూటీఎఫ్-8లో ఉండాలి, లేకపోతే తెలుగు అక్షరాలు చెదిరిపోతాయి.

అసలు శ్రద్ధ పెట్టవలసింది ఏజెంట్‌కు ఇచ్చే ఆదేశంలో. ‘కర్నూలు ఉన్నచోట నంద్యాల అని మార్చు’ అంటే అది కర్నూలు–కడప కాలువను నంద్యాల–కడప కాలువగా మార్చేస్తుంది. 1953 అక్టోబర్ 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని నంద్యాల అని రాస్తుంది. అందువల్ల మాటను కాక ప్రదేశాన్ని ఆధారంగా ఇవ్వాలి: శ్రీశైలం, మహానంది, అహోబిలం, యాగంటి, బెలూం ఇప్పుడు నంద్యాల జిల్లావి, లేపాక్షి, పెనుకొండ, పుట్టపర్తి శ్రీ సత్యసాయి జిల్లావి, మంత్రాలయం కర్నూలులోను, తాడిపత్రి అనంతపురంలోను, గండికోట కడపలోను అలాగే ఉన్నాయి. ఇలాంటి పట్టిక మీరే రాసి ఇవ్వండి, ఏజెంట్ జ్ఞాపకం మీద వదలవద్దు. పట్టికలో లేని ప్రదేశం ఎదురైతే మార్చకుండా ‘సందేహం’ అనే వేరే జాబితాలో చేర్చమని చెప్పండి. వెతికేటప్పుడు ‘అనంతపురం’ అనే రూపం ఒక్కటే చాలదు. ‘అనంతపురానికి’ అన్నచోట ఆ రూపం కనిపించదు కనుక ‘అనంతపుర’ వరకే వెతకమనాలి.

అన్నిటికంటే ఎక్కువగా చిక్కు పెట్టేవి ‘కానిది’, ‘లేనిది’ అని అడిగే ప్రశ్నలు. ‘కింది వాటిలో కర్నూలు జిల్లాలో లేనిది ఏది?’ అని అడిగి మంత్రాలయం, బెలూం, యాగంటి, లేపాక్షి ఇచ్చారనుకుందాం. కీ లేపాక్షి. ఆ జవాబు ఇప్పటికీ నిజమే కాబట్టి కీని మాత్రమే సరిచూసే ఏజెంట్ దీనిని దాటిపోతుంది. కానీ బెలూం, యాగంటి కూడా ఇప్పుడు ఆ జిల్లాలో లేవు, అంటే సరైన జవాబులు మూడు అయ్యాయి. అందుకే నాలుగు ఆప్షన్లనూ విడివిడిగా పరీక్షించి, ఒక్కటే సరైనదని తేలిన తర్వాతే ముందుకు వెళ్లమని ఆదేశంలో స్పష్టంగా రాయాలి. ఆప్షన్ల వరుసను మూడిల్ తారుమారు చేసేలా పెట్టి ఉంటే ‘పైవన్నీ’ అనే ఆప్షన్ మొదటి వరుసలోకి రావచ్చు. అటువంటివి కూడా జాబితా ఇవ్వమనండి.

ముందుగా కొద్ది ప్రశ్నలే ఇచ్చి చూడండి. ప్రశ్న పేర్లు మార్చవద్దని, ప్రతి మార్పుకూ పాత వాక్యం, కొత్త వాక్యం, కారణం చూపమని అడగండి. ఆ నివేదికతో తృప్తి పడకుండా, వీఎస్ కోడ్ వంటి ఎడిటర్‌లో పాత, కొత్త ఫైళ్లను పక్కపక్కన పెట్టి పోల్చాలి. నివేదికలో చెప్పని మార్పు ఏదైనా ఉంటే అక్కడే బయటపడుతుంది.

ఇంపోర్ట్ విషయంలో ఒకటి తప్పక తెలుసుకోవాలి. మూడిల్‌లో ఇంపోర్ట్ చేసిన ప్రశ్న పాతదాని స్థానంలోకి రాదు, కొత్త ప్రశ్నగా చేరుతుంది. క్విజ్‌లో పాతదే కొనసాగుతుంది. కాబట్టి కొత్త కేటగిరీలోకి ఇంపోర్ట్ చేసి, క్విజ్‌లో పాతవాటిని తీసి వీటిని చేర్చాలి. మార్చవలసినవి కొన్నే అయితే ఏజెంట్ ఇచ్చిన పాఠాన్ని చూసుకుంటూ మీరే ప్రశ్నను తెరిచి దిద్దడం మంచిది; మూడిల్ 4.0 నుంచి అలా దిద్దిన ప్రతిసారీ కొత్త వెర్షన్ ఏర్పడి, పాతది చరిత్రలో నిలిచి ఉంటుంది. చివరగా, విద్యార్థి లాగిన్‌తో, వీలైతే ఫోన్‌లో, క్విజ్ మొత్తం ఒకసారి రాసి వివరణలు సరిగా కనిపిస్తున్నాయో చూసుకున్నాకే దానిని విద్యార్థులకు తెరవండి.