జపనీస్ మేపుల్ నాటుతున్నారా? ముందు ఎండ, లోతు చూసుకోండి

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న మన వాళ్లలో చాలామంది ఫ్రంట్ యార్డ్‌లో పెట్టాలనుకునే చెట్టు జపనీస్ మేపుల్. న్యూజెర్సీ, వర్జీనియా వైపు ఏ కమ్యూనిటీకి వెళ్లినా ఎవరో ఒకరి గుమ్మం పక్కన ఎర్రటి ఆకులతో కనిపిస్తుంది, చూడగానే మనకూ ఒకటి ఉంటే బాగుండు అనిపిస్తుంది. ధర మాత్రం తక్కువేం కాదు, మంచి అంటు మొక్క చిన్నదైనా సరే వంద డాలర్లు దాటడం మామూలే. అంత పెట్టి తెచ్చిన మొక్క రెండో ఏడాదికి ఎండిపోతే నీళ్లు చాలలేదనో, చలికి పోయిందనో అనుకుంటారు గానీ, నేను చూసినంతవరకు ఎక్కువ మొక్కలు పోయేది తప్పు చోట నాటడం వల్ల, లేదంటే మరీ లోతుగా పాతిపెట్టడం వల్ల. అందుకే ఆ రెండింటి గురించే కాస్త ఎక్కువగా రాస్తున్నాను.

ముందు మీ జోన్ ఏదో, అంటే చలికాలం చలిని బట్టి విడగొట్టిన ప్రాంతాల్లో మీది ఏదో చూసుకోండి. అమెరికా వ్యవసాయ శాఖ (యూఎస్‌డీఏ) మ్యాప్‌లో 5 నుంచి 8 వరకు ఉన్న జోన్లలో ఇది బాగా పెరుగుతుంది. సియాటిల్, పోర్ట్‌లాండ్ వాళ్లు అదృష్టవంతులు, అక్కడి వాతావరణం దీనికి చక్కగా నప్పుతుంది. డాలస్ లాంటి చోట కూడా పెంచుతున్నారు, కాకపోతే మధ్యాహ్నం నుంచి పూర్తిగా నీడ ఉండాలి, మట్టిలో సున్నం ఎక్కువ కాబట్టి అక్కడ కుండీలో పెంచడమే తేలిక. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అమ్మావాళ్ల ఇంట్లో పెట్టొచ్చా అని అడిగితే మాత్రం వద్దనే చెబుతాను. ఈ చెట్టు చలికాలంలో ఆకు రాల్చి కొన్ని వారాల పాటు గట్టి చలిలో విశ్రాంతి తీసుకోవాలి, మన దగ్గర ఆ చలి లేదు, పైగా మే నెల ఎండలు. ఆన్‌లైన్‌లో నీలం రంగు మేపుల్ విత్తనాలని ఫొటోలు పెట్టి అమ్ముతుంటారు, వాటికి డబ్బులు పోగొట్టుకోకండి, నీలం ఆకుల జపనీస్ మేపుల్ అనేదే లేదు.

రకాల విషయానికొస్తే వందల్లో ఉన్నాయి. నిటారుగా పెరిగే ఎర్ర చెట్టు కావాలంటే బ్లడ్‌గుడ్, ఇది 15 నుంచి 20 అడుగుల వరకు వెళ్తుంది కాబట్టి కిటికీకి మూడడుగుల దూరంలో పెట్టకండి. ఎంపరర్ వన్ కూడా అలాంటిదే, కొంచెం ఆలస్యంగా చిగురిస్తుంది, ఏప్రిల్‌లో మంచు దెబ్బ భయం ఉన్నవాళ్లకు ఇది మేలు. సన్నని చీలికల ఆకులతో కిందికి వాలే రకం కావాలంటే క్రిమ్‌జన్ క్వీన్ గానీ తముకేయామా గానీ చూడండి, రెండోది ఎండను కాస్త ఎక్కువే తట్టుకుంటుంది. ఎండాకాలమంతా పచ్చగా ఉండి అక్టోబర్‌లో ఒక్కసారిగా ఎర్రగా మారే ఒసకాజుకీ అంటే నాకు చాలా ఇష్టం, నర్సరీలో పచ్చగా ఉందని ఎవరూ దాని వంక చూడరు.

ఇక చోటు. పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నం రెండు దాటాక నీడ వచ్చే చోటు దీనికి సరైనది, అంటే మామూలుగా ఇంటికి తూర్పు వైపు. పడమటి ఎండ నేరుగా పడి, పక్కనే డ్రైవ్‌వే వేడి కూడా తగిలితే ఆగస్టుకల్లా ఆకుల అంచులు మాడిపోతాయి. అలాగని చిక్కటి నీడలో పెట్టినా ఎర్ర రకాలు రంగు తేలక పచ్చపచ్చగా అయిపోతాయి, రోజుకు నాలుగైదు గంటల ఎండ ఉండాల్సిందే. వీలైతే జులైలో ఒక సెలవు రోజున పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం యార్డ్‌లోకి వెళ్లి నీడ ఎక్కడెక్కడ పడుతుందో చూసుకుని, ఆ తర్వాతే మొక్క కొనండి.

మన వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఇంకొకటుంది. బ్యాక్‌యార్డ్‌లో టమాటా, వంకాయ వేసిన మడి దగ్గర దీన్ని నాటకండి. వెర్టిసీలియం అనే ఫంగస్ తెగులు ఆ కూరగాయలకూ వస్తుంది, మేపుల్‌కీ వస్తుంది, మట్టిలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఒకే వైపు కొమ్మలు ఉన్నట్టుండి వాడిపోతుంటే ఒక కొమ్మ కోసి చూడండి, లోపలి చెక్కలో ముదురు ఆకుపచ్చ లేదా గోధుమరంగు చారలు కనిపిస్తే చాలావరకు ఇదే. దీనికి మందు లేదు, అందుకే ముందు జాగ్రత్త.

నాటడానికి సెప్టెంబర్ చివర, అక్టోబర్ బాగుంటాయి, మరీ చలి ప్రాంతమైతే ఏప్రిల్. తవ్వే ముందు 811కి ఫోన్ చేస్తే గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తులు పెట్టి వెళ్తారు, ఇది మానకండి. గుంత వేళ్ల ముద్ద కంటే రెండు మూడింతలు వెడల్పు ఉండాలి, లోతు మాత్రం వేళ్ల ముద్ద ఎత్తుకు మించకూడదు. గుంతలో నీళ్లు నింపి చూడండి, మర్నాటికి కూడా ఇంకకపోతే ఆ చోటు వదిలేయండి, వేళ్లు నీళ్లలో నానితే ఈ చెట్టు బతకదు.

కుండీలోంచి మొక్క తీశాక మొదలు దగ్గర మట్టిని వేళ్లతో మెల్లగా గీకండి. కాండం కింద కాస్త లావై వేళ్లుగా విడిపోయే చోటు ఒకటి ఉంటుంది, నర్సరీ కుండీల్లో అది తరచూ ఒకటి రెండు అంగుళాల మట్టి కింద కప్పబడిపోయి ఉంటుంది. అది బయటికి కనిపించేదాకా మట్టి తీసేయండి, నాటాక ఆ భాగం నేలకు ఒక అంగుళం పైనే ఉండాలి. బంకమట్టి అయితే ఇంకో రెండు మూడు అంగుళాలు ఎత్తు పెట్టి చుట్టూ మట్టి వాలుగా పోయండి. కుండీలో గుండ్రంగా చుట్టుకున్న వేళ్లను విడదీయాలి, విడిపోనంత గట్టిగా ఉంటే కత్తిరించడమే నయం, అలాగే వదిలేస్తే కొన్నేళ్లకు అవే కాండాన్ని బిగించేస్తాయి. గుంత నింపేటప్పుడు తవ్విన మట్టినే వేయండి, బస్తాలకొద్దీ పాటింగ్ మిక్స్, పశువుల ఎరువు అక్కర్లేదు. పైన రెండు మూడు అంగుళాల మల్చ్ (చెక్క ముక్కల పొర) పరవండి, కాండానికి తగలకుండా చుట్టూ ఒక జానెడు ఖాళీ వదలాలి. చాలా ఇళ్ల ముందు మల్చ్‌ను కాండం చుట్టూ గుట్టలా పోస్తారు, దాని కింద బెరడు కుళ్లుతుంది.

మొదటి రెండు వేసవులు నీళ్ల మీద కన్నేసి ఉంచాలి. వేలు రెండంగుళాలు దింపి చూసి, పొడిగా ఉంటేనే హోస్‌ను సన్నధారగా పెట్టి చెట్టు మొదలు దగ్గర నెమ్మదిగా తడపండి. లాన్ స్ప్రింక్లర్‌తో పైపైన తడిస్తే చాలదు. మొదటి ఏడాది ఎరువు వద్దు, తర్వాత కూడా చెట్టు బాగానే ఉంటే చిగుళ్లకు ముందు కొంచెం నెమ్మదిగా కరిగే ఎరువు చాలు. లాన్‌లో కలుపు మందు కొట్టేవాళ్లకు ఈ చెట్టు దగ్గరికి రావద్దని గట్టిగా చెప్పండి.

కత్తిరింపులు చలికాలంలో ఆకు లేనప్పుడో, నడి వేసవిలోనో చేసుకోండి, చిగురించే ముందు కోస్తే రసం కారుతుంది. అంటు కట్టిన చోటు కింద నుంచి వేరే రకం పచ్చ ఆకులతో కొమ్మ వస్తే వెంటనే మొదలంటా తీసేయాలి, ఊరుకుంటే అదే పెరిగి మీరు కొన్న రకాన్ని మింగేస్తుంది. జింకలు తిరిగే చోట సెప్టెంబర్ నుంచి కాండం చుట్టూ వైర్ మెష్ పెట్టండి, మగ జింకలు కొమ్ములతో బెరడు గీకేస్తాయి.

మొదటి ఆగస్టులో ఆకు కొనలు మాడితే టెన్షన్ పడి రోజూ నీళ్లు గుమ్మరించకండి. ఒక సన్న కొమ్మ మీద గోటితో గీకి చూడండి, లోపల పచ్చగా, తడిగా ఉంటే కొమ్మ బతికే ఉంది, వచ్చే ఏప్రిల్‌కి చిగురేస్తుంది.