ఏడో తరగతి సమీకరణాలు: తప్పు ఏ లైన్లో పుడతాది, ఎట్లా సరిచేయాలి

తిరుపతిలో నా దగ్గరికి ట్యూషన్‌కొచ్చే ఏడు, ఎనిమిది క్లాసు పిల్లోళ్ళ నోట్సులు చూస్తే తప్పులు వంద రకాలుగా కనిపిస్తాయి గానీ అవి పుట్టే చోట్లు నాలుగైదే. ఇంట్లో కూర్చోబెట్టి చెప్పే అమ్మానాన్నలు జవాబు తప్పని కొట్టేసే ముందు ఏ లైన్లో తేడా కొట్టిందో వెతకండి. (ఎక్స్ బదులు 'క' రాస్తున్నా, ఫోన్లో మాటిమాటికీ కీబోర్డు మార్చే ఓపిక లేదు.)

సమస్య: 8 + 4 = □ + 5 ఇస్తే గడిలో 12 రాస్తాడు.
కారణం: చిన్నప్పట్నుంచి '=' కనిపిస్తే జవాబు రాసేయడమే అలవాటు, రెండు పక్కలా విలువ ఒకటేనని ఎవరూ గట్టిగా చెప్పుండరు.
పరిష్కారం: 12 = □ + 5, కాబట్టి 7. తర్వాత 7 + 6 = 10 + □ లాంటివి కొన్నాళ్ళు చేయించండి. ఎనిమిదికొచ్చినా ఇక్కడే ఆగినోళ్ళు ఉంటారు, తిట్టొద్దు.

సమస్య: 3క + 7 = 22 ఇస్తే, ఒకడు 3క = 29 అంటాడు, ఇంకొకడు 3క = 15 దాకా బాగానే వచ్చి క = 15 − 3 = 12 అంటాడు.
కారణం: "అటు పక్కకి పోతే గుర్తు మారతాది" అనే షార్ట్‌కట్. తొందరగా సిలబస్ అవగొట్టాలని మనమే నేర్పిస్తాం, పిల్లోడికేమో ఏ గుర్తు ఎందుకు మారతాదో తెలీదు, అందుకే గుణకారంలో ఉన్న 3ని కూడా తీసేసేస్తాడు. నన్నడిగితే ఏడో క్లాసులో ఈ షార్ట్‌కట్ చెప్పనే కూడదు.
పరిష్కారం: రెండు పక్కలా చేసే పని పూర్తిగా రాయించండి.
3క + 7 − 7 = 22 − 7
3క = 15
3క ÷ 3 = 15 ÷ 3
క = 5
చివర్లో 5ని మొదటి లైన్లో పెట్టి చూడాలి: 15 + 7 = 22, సరిపోయింది. ఇక్కడ 35 + 7 అని రాసేవాళ్ళూ ఉంటారు, 3 పక్కన 5 అంటే ముప్పై ఐదు అనుకుని. వాళ్ళతో కొన్నాళ్ళు 3 × క అనే రాయించండి.

2క + 3ని 5క అనేస్తే సజాతి పదాలు (ఒకే రకం పదాలు, వాటినే కలిపి రాయొచ్చు) అర్థం కాలేదన్నమాట, క బదులు 4 పెట్టి చూపించండి, 11 ఒక పక్క, 20 ఒక పక్క వస్తాది. 1 మాత్రం పెట్టొద్దు, రెండూ 5 వచ్చి పిల్లోడే గెలుస్తాడు!

సమస్య: 20 − 3(క − 2) = 11లో జవాబు 1 వచ్చింది.
కారణం: బ్రాకెట్ తీసేటప్పుడు 20 − 3క − 6 రాశాడు. మైనస్ 3తో మైనస్ 2ని గుణిస్తే ప్లస్ 6 రావాలి.
పరిష్కారం: 20 − 3క + 6 = 11, అంటే 26 − 3క = 11, 3క = 15, క = 5. ఇదే పిల్లోడు −3 − 5 అడిగితే ప్లస్ 8 అంటాడు చూడండి, "మైనస్ మైనస్ ప్లస్" అని బట్టీ పట్టి కూడికల్లో కూడా వాడేస్తాడు. 3 రూపాయలు అప్పుండి ఇంకో 5 అప్పు చేస్తే మొత్తం అప్పెంత అని అడగండి. క్రీ.శ. 628లో మన గణిత శాస్త్రవేత్త బ్రహ్మగుప్తుడు కూడా ఈ నియమాల్ని ధనం, అప్పు లెక్కనే చెప్పాడు.

సమస్య: సమీకరణం ఇస్తే చేస్తాడు, మాటల్లో ఇస్తే చేతికొచ్చిన అంకెలన్నీ కూడేస్తాడు, లేదా భాగిస్తాడు.
తిరుమల కొండకి నడిచిపోయే రెండు మెట్ల దార్ల లెక్క ఇస్తుంటా: శ్రీవారి మెట్టు కంటే అలిపిరి దారిలో 1162 మెట్లు ఎక్కువ, రెండూ కలిపి 5938, ఒక్కో దారిలో ఎన్ని? చాలామంది 5938ని సగం చేసి 2969 అంటారు, అందులోంచి 1162 తీసేసి 1807 అంటారు. రెండూ కూడి చూడమంటే 4776 వస్తాది, అప్పుడు తల గోక్కుంటారు.
క + (క + 1162) = 5938
2క = 4776
క = 2388
అలిపిరి 2388 + 1162 = 3550. నడిచినోళ్ళకి ఈ నంబర్లు తెలిసే ఉంటాయి. లెక్కంతా కరెక్టుగా చేసి 2388ని అలిపిరి కింద రాసేవాళ్ళు కూడా ఉంటారు, ఎందుకంటే మొదట్లో ఉత్తి "క = మెట్లు" అని రాసుంటారు. "క = శ్రీవారి మెట్టు దారిలో మెట్ల సంఖ్య" అని పూర్తిగా రాయకపోతే జవాబు కరెక్టైనా నేనైతే ఒక మార్కు కట్ చేస్తా.