రంగుల తోటకూరకు రంగు రాకపోతే

అందానికి పెంచే రంగుల తోటకూర, మనం పప్పులో వేసుకునే తోటకూర ఒకే జాతివి. ఎండలో, అంతంతమాత్రం నేలలో హాయిగా పెరిగే మొక్క ఇది. అతిగా గారాబం చేస్తేనే చిక్కులు.

ఆకులు పచ్చగానే ఉన్నాయి

ముందు మొక్క వయసు చూడండి. జానెడు మొక్కలో పూర్తి రంగు వెతకకండి. కొన్ని రకాల్లో ఎరుపు, పసుపు తలభాగంలోని కొత్త ఆకులకే వస్తాయి. కింది ఆకులు పచ్చగానో ఊదాగానో ఉండిపోతాయి. అది జబ్బు కాదు.

మోకాలెత్తు పెరిగినా తల పచ్చగానే ఉంటే నీడను అనుమానించండి. రోజుకు కనీసం 6 గంటలు నేరుగా ఎండ తగలాలి. కుండీ అయితే మేడ మీదికి మార్చండి. ఎండ సరిపోతున్నా రంగు లేదంటే నత్రజని ఎక్కువైందన్నమాట. ఆకు వెడల్పుగా, మెత్తగా, ముదురాకుపచ్చగా ఉంటుంది. యూరియా ఆపేయండి. పాత ఆకులు మారవు, కొత్తగా వచ్చే ఆకులను బట్టే ఫలితం తేల్చుకోండి.

విత్తనం ఇంట్లో దాచిందా? పక్కన కూరకు వేసిన పచ్చ తోటకూర పూసి ఉంటే గాలికి పుప్పొడి కలిసి ఉంటుంది. పచ్చగా వచ్చినవి పీకి వండుకోండి. మంచి రంగు తేలిన మొక్కలనే గింజకు వదలండి.

మొలకలు రాలేదు, వచ్చినవి వాలిపోయాయి

గింజ ఆవగింజ కంటే చిన్నది, లోతుగా పడితే పైకి రాలేదు. ఇసుకలో కలిపి చల్లి, పైన పలుచగా మట్టి జల్లితే చాలు. మొలక మొదలు దారంలా సన్నబడి వాలితే నారుకుళ్లు. ఒత్తుగా ఉన్నవి తీసేసి, నీళ్లు తగ్గించండి.

ఏపుగా ఉన్న మొక్క విరిగి పడింది

కాండాన్ని నిలువునా చీల్చి చూడండి. లోపల సొరంగం, పొట్టులాంటి పొడి, కాళ్లు లేని తెల్లటి పురుగు కనిపిస్తే అది ముక్కుపురుగు పిల్ల. పైన కొట్టిన మందు అక్కడిదాకా చేరదు. మొక్కను వేళ్లతో పీకి కాల్చేయండి. చుట్టుపక్కల ముళ్ల తోటకూర, చిలకతోటకూర ఉంటే అవీ తీసేయాలి, ఈ పురుగు వాటిలోనూ పెరుగుతుంది.

ఆకులు గూడు కట్టాయి, అడుగున తెల్లని బుడిపెలు

గూడు విప్పితే ఆకుపచ్చ పురుగు ఉంటుంది. ఆ ఆకులు తుంచేసి, లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. బుడిపెలు తెల్లమచ్చ తెగులువి. ఆకులు తడవకుండా మొక్క మొదట్లోనే నీళ్లు పోయండి.

చిన్నప్పుడే కంకి వేసింది

పగటి పొద్దు తగ్గే రోజుల్లో విత్తితే ఇలాగే అవుతుంది. కంకి తుంచితే కొన్నాళ్లు ఆకు నిలుస్తుంది. నిండు మొక్క కావాలంటే వేసవి మొదట్లో మళ్లీ విత్తండి.