చెక్క కోసే ముందు చూసుకోవాల్సినవి

స్టూలో, చిన్న అల్మారానో సొంతంగా చేద్దామనుకుంటున్నారా? మిషన్ ఆన్ చేసే ముందు ఇవి చూసుకోండి.

– పాత చెక్కలో మేకులు దాగి ఉంటాయి. అయస్కాంతం పెట్టి వెతకండి. ప్యాలెట్ (సరుకు రవాణాకు వాడే చెక్క చట్రం) చెక్క మీద ‘ఎంబీ’ ముద్ర ఉంటే అసలు వాడొద్దు, దానికి మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారు. ‘హెచ్‌టీ’ అంటే వేడితో శుద్ధి చేసింది.

– కళ్లద్దాలు, చెవులకు రక్షణ, ఎన్95 మాస్కు. చెక్క పొడి క్యాన్సర్ కారకం, మాస్కు దగ్గర అశ్రద్ధ వద్దు.

– తిరిగే బ్లేడు దగ్గర గ్లౌజులు తీసేయండి. రక్షణ అనుకుంటాం గానీ, కొస చిక్కుకుంటే చెయ్యినే లాగేస్తుంది. వదులు చేతుల చొక్కా, చున్నీ, గొలుసు కూడా అంతే. జుట్టు ముడేసుకోండి.

– టేబుల్ సా (బల్లకు బిగించిన కరెంటు రంపం) అయితే బ్లేడుకు సూటిగా నిలబడొద్దు. కోత బిగుసుకుని బ్లేడును పట్టేసిందంటే చెక్క రెప్పపాటులో మీ మీదికే దూసుకొస్తుంది. కాస్త పక్కకు జరిగి నిలబడండి. చివరి జానెడు వేళ్లతో కాదు, పుష్ స్టిక్‌తో (చెక్కను తోసే కర్రతో) నెట్టండి.

– బ్లేడు మార్చేటప్పుడు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకేయాలి.

– పాలిష్‌కి అవిసె నూనె వాడితే, తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి. వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరుబయట ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి మూత ఉన్న రేకు డబ్బాలో పెట్టండి.