పిల్లవాడి ఇల్లు తెలుసుకొని పాఠం చెప్పడం ఎలా

ఆరో తరగతిలో ఎవరు వెనుకబడ్డారో మొదటి పరీక్షకే తేలిపోతుంది. ఎందుకు వెనుకబడ్డారన్నది మాత్రం ఆ మార్కుల్లో కనిపించదు. అందుకే ప్రోగ్రెస్ కార్డుపై 'శ్రద్ధ లేదు' అని రాసేయడం ఉపాధ్యాయులమైన మనకు సులువవుతుంది. 1966లో అమెరికాలో సామాజిక శాస్త్రవేత్త జేమ్స్ కోల్‌మన్ బృందం ఆరు లక్షలకు పైగా విద్యార్థులను పరిశీలించి, మార్కుల్లోని తేడాలకు బడుల మధ్య ఉన్న వ్యత్యాసం కన్నా ఇంటి నేపథ్యమే పెద్ద కారణమని చెప్పింది. దీన్ని బడి చేతులెత్తేయడానికి సాకుగా తీసుకోకూడదు. ఇంటిని తెలుసుకుంటే బడి ఏం మార్చుకోవాలో తెలుస్తుంది.

ప్రవేశ రిజిస్టరులో తండ్రి వృత్తి దగ్గర 'కూలి' అన్న ఒక్క మాట ఉంటే అక్కడ ఆగిపోకండి. పలాసలో జీడిపిక్కలు కొట్టే తల్లి, విజయనగరం వైపు జూట్ మిల్లులో షిఫ్టులు చేసే తండ్రి, హైదరాబాద్‌లో భవన నిర్మాణానికి వెళ్లి నెలల తరబడి తిరిగిరాని దంపతులు, అందరూ ఆ మాటలోనే ఇమిడిపోతారు. పిల్లల మీద పడే భారం మాత్రం ఒక్కో ఇంట్లో ఒక్కో రకంగా ఉంటుంది. కాబట్టి సాయంత్రం ఇంట్లో పెద్దవాళ్లు ఎవరుంటారు, చెల్లినీ తమ్ముణ్నీ ఎవరు చూసుకుంటారు, పుస్తకం చదివి చెప్పగలవారు ఎవరైనా ఉన్నారా అని అడగండి. తరగతిలో అందరి ముందు అడిగితే పిల్లలు అబద్ధం చెబుతారు, అందులో వారి తప్పేమీ లేదు. మధ్యాహ్న భోజనం వేళ పక్కన కూర్చొని మాటల్లో అడగడం మేలు.

ఆ తర్వాత ముందుగా మార్చవలసింది ఇంటిపని. ఇంట్లో వివరించేవారు ఉంటేనే పూర్తయ్యే పని ఇస్తే, మనం పరీక్షిస్తున్నది పిల్లవాణ్ని కాదు, వాళ్ల అమ్మ చదువును. కొత్త పాఠం, కష్టమైన లెక్క బడిలోనే చేయించి, ఇంటికి చదివినదే మళ్లీ చదవడం వంటి చిన్న పని ఇవ్వండి. బడి విడిచాక అరగంట తరగతి గది తెరిచి ఉంచగలిగితే, ట్యూషన్‌కు డబ్బు కట్టలేని పిల్లలు అక్కడే పని ముగించుకుంటారు.

మాట విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఉత్తరాంధ్ర ఇంటి యాసలో 'బేగి', 'ఏటి', 'కూకోండి' అన్న పిల్లను చూసి తరగతి నవ్వినా, మాస్టారు పెదవి విరిచినా, ఆమె మళ్లీ చేయెత్తదు. ఇంట్లో పుస్తకభాష వినపడే పిల్లలకు ఈ బాధ లేదు, వారికది పుట్టుకతో వచ్చిన ఆస్తి. ఈ పిల్ల మాటను తప్పు అనకుండా, 'మనం బేగి అంటాం, పుస్తకంలో త్వరగా అని రాస్తారు' అని రెండూ పక్కపక్కన బోర్డు మీద రాస్తే సరిపోతుంది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు వెంకట రామమూర్తి (1863–1940) సవర గిరిజన పిల్లలకు చదువు చెప్పడానికి ముందు తానే వారి సవర భాష నేర్చుకొని, ఆ భాషలో వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు నడిపారు. మన్యంలో పనిచేసేవారు కనీసం యాభై సవర మాటలైనా నేర్చుకోవాలని నా అభిప్రాయం.

వలస వెళ్లే కుటుంబాలకు చట్టం ఇచ్చిన ఆసరా ముందే చెప్పాలి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రధానోపాధ్యాయుడు బదిలీ ధ్రువపత్రం వెంటనే ఇవ్వాలి. అది అందలేదన్న కారణంతో కొత్త బడి చేర్చుకోవడం మానకూడదు. మధ్యలో చదువాగిన పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చి, ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. తల్లిదండ్రులు బిడ్డను ఊళ్లోనే వదిలి వెళ్లదలిస్తే, వలస కాలంలో పిల్లలు ఉండి చదువుకునే సీజనల్ హాస్టల్ దగ్గరలో ఉందేమో మండల విద్యాశాఖ కార్యాలయంలో కనుక్కోండి.

ఎనిమిదో తరగతిలో రాసే ఎన్‌ఎంఎంఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉపకారవేతనం) పరీక్షలో ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. కుటుంబ వార్షికాదాయం మూడున్నర లక్షలు మించకూడదు. తెలివైన పిల్లలు కూడా ఆదాయ, కుల ధ్రువపత్రాలు సమయానికి చేతికి రాక ఆగిపోవచ్చు గనుక, ఏడో తరగతి చివరలోనే వాటి పని మొదలుపెట్టించండి.

తల్లిదండ్రుల సమావేశం ఉదయం పదకొండుకు పెడితే కూలి పోగొట్టుకొని రాలేరు, రానివారికి బాధ్యత లేదని మనం అనుకుంటాం. సాయంత్రం బడిలో కాక వీధి అరుగు మీద పెట్టి చూడండి. తీరగ్రామాల నుంచి గుజరాత్‌లోని వెరావల్‌కు చేపల వేటకు వెళ్లే తండ్రులు అక్కడ వర్షాకాలపు వేట నిషేధం ఉన్నప్పుడు ఇళ్లకు వస్తారు. కాబట్టి ఆ ఊళ్లలో బడి తెరిచిన తొలి వారాల్లోనే వారిని కలవాలి.